పగటి తాకట్టు

మా మేనత్త నాగమ్మకి భయపడటం కూడా ఇంటి పనుల్లో ఒకటి. పొద్దున లేవగానే మొదలుపెట్టేది. కాకినాడ రేవులో ఓడ ఎక్కేటప్పుడు సముద్రమంటే భయపడింది. మా దీవి రేవు పోర్ట్ లూయిస్‌లో దిగేటప్పుడు కాళ్ళ కింద నేల కదులుతోందని భయపడింది. చెరకు ఎస్టేటులో కూలీల మీద అజమాయిషీ చేసే సర్దారు కేకేస్తే భయపడింది. 1892 తుఫానులో కూలీల కాంపు మీద దూలాలు విరిగిపడి మామయ్య పోయాక, గాలి కాస్త గట్టిగా వీచినా గుమ్మం పట్టుకుని నిలబడేది. ఇన్ని భయాలున్న మనిషి ఊళ్ళో వాళ్ళకి అప్పులిచ్చేదంటే నమ్మబుద్ధి కాదు. కానీ ఇచ్చేది. భయం వల్లే ఇచ్చేదేమో కూడా. డబ్బు ఇంట్లో ఉంటే దొంగలు వస్తారు, నలుగురి చేతుల్లో ఉంటే దొంగలకి శ్రమ ఎక్కువ, అదీ ఆవిడ లెక్క.

ఇది 1905 నాటి మాట. నేనింకా పుట్టలేదు. అత్త చెప్పినదీ, ఆవిడ దగ్గర అప్పు చేసిన మల్లయ్య, జగ్గయ్య చెప్పినదీ కలిపి రాస్తున్నాను. జగ్గయ్య చెప్పినదాంట్లో సగం తీసేశాను. ఏ కథలోనైనా తాను ముందు వరసలో నిలబడితే గాని ఆయనకి తోచదు.

మామయ్య పోయాక అత్త ఎస్టేటు కాంపు వదిలేసి లాల్మతీ అనే ఊళ్ళో ఒక గడ్డి ఇల్లు వేసుకుంది. ఇంటి వెనక పాక, పాకలో రెండు ఆవులు. పశువులకి పెద్ద రోగం వచ్చి దీవి నిండా ఎద్దులు కుప్పకూలిన ఏడాది కూడా ఎందుకో ఆ రెండూ బతికాయి. పాలకి గిరాకీ పెరిగింది, ఆవిడ చేతిలో నాలుగు డబ్బులు నిలిచాయి. ఆవులు బతికినందుకు దేవుడికి దణ్ణం పెట్టుకుంది, ఊళ్ళో అందరి పశువులూ పోయి తనవి మాత్రమే ఎందుకు మిగిలాయా అని వెంటనే భయపడింది కూడా.

అత్త కిరస్తానీ. మామయ్య వాళ్ళు గోదావరి ఒడ్డున ఉన్నప్పుడే ఆ మతం పుచ్చుకున్నారు, పెళ్ళితో పాటు అత్తకీ వచ్చింది. బాప్తిస్మమప్పుడు పాదిరీ పేరు మార్చుకోమన్నాడట. నాగమ్మ అంటే పాము కదా, ఏదెను తోటలో పాము చేసిన నిర్వాకం ఆయనకి గుర్తొచ్చి ఉంటుంది. "మా అమ్మ పెట్టిన పేరయ్యా. ప్రభువుకి దీంతో పేచీ ఉంటే ఆయన్నే నాతో చెప్పమను" అందట మా అత్త. ఆవిడ జీవితం మొత్తంలో భయపడకుండా అన్న మాట నాకు తెలిసి అదొక్కటే. మా నాన్న మాత్రం రామభజనలో తాళం వేసేవాడు. అక్కాతమ్ముళ్ళిద్దరూ చాలా ప్రేమగా ఉండేవారు, ఎదుటివాళ్ళు నరకానికి పోతారే అని ఒకరి మీద ఒకరు జాలిపడుతూ.

అప్పట్లో లాల్మతీలో చేబదులు కావాలంటే దిక్కు ఇద్దరే. ఒకడు దుకాణం గోపాలు. మా దీవిలో రూపాయికి నూరు సెంట్లు, అందులో నెలకి పది వడ్డీ లాగేవాడు, ఆలస్యమైతే ఇంట్లోకి వచ్చి కంటికి ఇంపైన వస్తువేదో తనే ఎత్తుకుపోయేవాడు. రెండోది మా అత్త. ఆవిడ వడ్డీ అయిదు సెంట్లు. తాకట్టు మాత్రం గట్టిగా పట్టేది. ఇత్తడి చెంబు, వెండి మురుగు, ఏదీ లేనివాడి దగ్గర దుప్పటి.

నెలకోసారి మోకా నుంచి సూరయ్య అనే ఉపదేశి నడిచి వచ్చేవాడు. బక్క మనిషి, పెద్ద గొంతు. చెరకు రైతు ఒకాయన వసారాలో పదిమందిని కూర్చోబెట్టి తెలుగులో వేదం, అంటే బైబిలు, చదివి వినిపించేవాడు. ఆ ఏడు జూలైలో ఒక ఆదివారం ఆయన మోషే ధర్మంలో అప్పుల సంగతి తీశాడు. తోటి పేదవాడికి అప్పిస్తే వడ్డీ కట్టకూడదన్నాడు. తాకట్టు కోసం వాడి ఇంట్లోకి జొరబడకూడదు, వాకిట్లో నిలబడాలి, వాడే తెచ్చి చేతికివ్వాలి అన్నాడు. వాడి దుప్పటి తాకట్టు పెట్టుకుంటే పొద్దుగూకే లోపు తిరిగి ఇచ్చెయ్యాలి, రాత్రి కప్పుకోడానికి వాడికి ఉన్నది అదొక్కటే కదా అన్నాడు. ఇవ్వకపోతే వాడు మొరపెడతాడు, దేవుడు వింటాడు. విని ఊరుకోడు. మీ ఆడవాళ్ళు విధవలవుతారు, మీ పిల్లలు దిక్కులేని వాళ్ళవుతారు.

మిగతా వాళ్ళు తలలూపి ఇళ్ళకి పోయి అన్నాలు తిన్నారు. అత్తకి ముద్ద దిగలేదు. తను అప్పటికే విధవ. పిల్లలు లేరు. అంటే శిక్ష తనకి ముందే పడిపోయింది, ఇక ఆ పైవాడు తన కోసం కొత్తగా ఏం ఆలోచిస్తున్నాడో ఎవరికి తెలుసు? మా దీవిలో చలికాలమంటే జూలై, ఆగస్టులే. తన పెట్టెలో జగ్గయ్య దుప్పటి ఉంది. నిన్న రాత్రి జగ్గయ్య చలికి వణికి ఏమన్నాడో, ఆ అన్నది ఎంత పైకి వెళ్ళిందో!

ఆ సాయంత్రమే దుప్పటి పట్టుకుని జగ్గయ్య వాకిట్లో నిలబడింది. జగ్గయ్య ఎద్దుబండి మీద చెరకు మిల్లుకి తోలేవాడు, నోటికి తాళం లేని మనిషి.

"ఏటి నాగమ్మా, బాకీ తీరిపోయిందా?"

"తీరలేదు. రాత్రికి కప్పుకో. పొద్దున మళ్ళీ నాకిచ్చీ."

"పగలు నీ ఇంట్లో, రాత్రి నా ఇంట్లోనా? నా దుప్పటికి రెండు కాపురాలు పెట్టీసేవే!"

అంతే, అత్త దినచర్య మారిపోయింది. వడ్డీ మానేసింది. సాయంత్రం కాగానే తాకట్లన్నీ బుట్టలో సర్దుకుని ఇంటింటికీ పోయి ఎవరివి వాళ్ళకి ఇచ్చేది. పొద్దున పాలు పోస్తూ మళ్ళీ వసూలు చేసుకునేది. దుప్పట్లే కాదు, చెంబులూ మురుగులూ కూడా. చెంబు కప్పుకుని ఎవరూ పడుకోరని చెప్పినా వినలేదు. ధర్మంలో ఏది ఎంతవరకో తనకి తెలియదు, ఎక్కువ చేస్తే పోయేదేముంది అనేది. మబ్బు పట్టి సూర్యుడు కనబడని రోజు మరీ భయం, ఎప్పుడు గూకుతుందో తెలియదు గదా, మధ్యాహ్నమే బుట్ట ఎత్తుకుని బయల్దేరేది. వాకిలి దాటి లోపలికి మాత్రం అడుగు పెట్టేది కాదు. వానలో కూడా బయటే నిలబడేది. ఊరు నవ్వింది. నవ్వుతూనే గోపాలు దుకాణం మానేసి ఆవిడ దగ్గరికే వచ్చింది.

మల్లయ్య అలా వచ్చినవాడే. ఎస్టేటులో చెరకు నరికేవాడు. ఊరి చివర, అత్త ఇంటికి నాలుగిళ్ళ అవతల ఉండేవాడు. పెళ్ళాం బాలమ్మకి చలిజ్వరం పట్టుకుని వదలడం లేదు. మందులకీ, పని పోయిన రోజుల తిండికీ పన్నెండు రూపాయలు కావాలన్నాడు. పన్నెండు రూపాయలంటే అప్పట్లో మాటలు కాదు, మల్లయ్య రెండు నెలలు వంగి నరికితే వచ్చే సొమ్ము. తాకట్టుకి ఏముంది అంటే ఏమీ లేదు. చెంబు లేదు, మురుగు లేదు. మొగుడూ పెళ్ళాం గోనెసంచులు కప్పుకుంటున్నారు.

"ఊరికే ఇస్తే ముష్టి అయిపోద్ది అక్కా. ఇది ఉంచు" అని టిక్కెట్టు తీసి చూపించాడు.

టిక్కెట్టు అంటే ఈ కాలం పిల్లలకి తెలియదు. ఇండియా నుంచి కూలికి వచ్చిన ప్రతివాడికీ సర్కారు ఒక టిక్కెట్టు ఇచ్చేది. దాని మీద పేరు, నంబరు, మొహం ఫోటో. ఎస్టేటు దాటి రోడ్డెక్కితే అది ఒంటి మీద ఉండాలి. గార్దు అడిగినప్పుడు, అంటే పోలీసువాడు అడిగినప్పుడు చూపించలేకపోతే, పనీపాటా లేని తిరుగుబోతు కింద కట్టి లోపలేసేవారు. చట్టం ముసలిదైపోయింది, ఇప్పుడంత పట్టించుకోవడం లేదు అని పెద్దవాళ్ళు అనేవారట. పట్టుబడ్డవాడికి ఆ మాట ఎందుకు పనికొస్తుంది? పైగా ఒకరి టిక్కెట్టు ఇంకొకరి దగ్గర దొరికితే ఆ ఇంకొకరికీ జైలే. ఇది ఊళ్ళో అందరికీ తెలుసు. అత్తకి అందరికన్నా బాగా తెలుసు, భయపడవలసిన విషయాలన్నీ ఆవిడకి నోటికి వచ్చు.

అయినా తీసుకుంది. పన్నెండు రూపాయలు పోతాయేమోనన్న భయం దగ్గరగా ఉంది, జైలు భయం కాస్త దూరంగా ఉంది. అదీగాక ఎస్టేటులో సర్దారు కళ్ళెదుట చెరకు నరికేవాడికి పగలు టిక్కెట్టుతో పనేముంది అనుకుంది. దుప్పట్లతో పాటు బుట్టలో తిప్పే వస్తువు కాదు గనక రవికలో దాచుకుని తీసుకెళ్ళేది. పొద్దుగూకే లోపు మల్లయ్య వాకిట్లో నిలబడి ఇచ్చేది. పొద్దున మల్లయ్య పనికి పోతూ తెచ్చి ఇచ్చేవాడు. వాళ్ళిద్దరికీ, మంచం మీదున్న బాలమ్మకీ తప్ప ఆ సంగతి ఎవరికీ తెలియదు.

ఆగస్టులో ఒక రోజు అత్త పాలు పోసి వచ్చి, ఆవులకి చెరకాకు వేస్తోంది. రోడ్డు మీద జగ్గయ్య బండి ఆగింది. ఖాళీ బండి, మిల్లు నుంచి తిరిగి వస్తోంది. జగ్గయ్య ఎప్పట్లా కేకలు పెట్టలేదు. దిగి, కంచె దగ్గరికి వచ్చి, మెల్లగా చెప్పాడు.

"మల్లయ్యని గార్దు పట్టుకుపోయాడు నాగమ్మా."

అత్త చేతిలో ఆకు చేతిలోనే ఉండిపోయింది. "ఎక్కడ?"

"పెద్ద రోడ్డు మీద. లోపిటాల్‌కి పోతున్నాడంట, పెళ్ళాం మందుకి. టిక్కెట్టేదిరా అంటే నోరెత్తలేదు. చేతులకి తాడు కట్టి ఠాణాకి నడిపించుకుపోతుంటే ఈ కళ్ళతో చూసేను. సాయంత్రం రైలుకి పోర్ట్ లూయిస్ పంపీస్తారంట. అక్కడ జైలు." జగ్గయ్య తల గోక్కున్నాడు. "టిక్కెట్టు ఎక్కడ పారీసుకున్నాడో, వెర్రి వెధవ."

జగ్గయ్య బండి వెళ్ళిపోయింది. అత్త ఇంట్లోకి వెళ్ళి తలుపు వేసుకుంది. పెట్టె తీసింది. జగ్గయ్య దుప్పటి, రెండు చెంబులు, వాటి కింద మల్లయ్య టిక్కెట్టు. ఫోటోలో మల్లయ్య చాలా చిన్నవాడు, ఓడ దిగిన రోజు తీసిన మొహం, కళ్ళు పెద్దవి చేసుకుని చూస్తున్నాడు.

నాకు ఊహ వచ్చాక ఈ కథ మొదటిసారి విన్నప్పుడు, "దుప్పటి రాత్రికి కావాలి సరే, టిక్కెట్టు కావలసింది పగలు కదా అత్తా?" అని అడిగాను. ఎవరికైనా తట్టే మాట. అత్తకి అది పెట్టె ముందు కూర్చున్నాక తట్టింది. ధర్మం చెప్పింది పొద్దు గురించి కాదు, వణికేవాడి గురించి. తను మాత్రం ఆ పొద్దుగూకే లెక్కనే పట్టుకుంది. రోజూ సాయంత్రం, ఎవరూ అడగని వేళకి, ఆ టిక్కెట్టు భక్తిగా మోసుకెళ్ళి ఇచ్చింది. రోజూ పొద్దున, అడిగే వేళకి, అంతే భక్తిగా తెచ్చుకుని పెట్టెలో పెట్టుకుంది. గోపాలు కూడా ఇంత పని చేసి ఉండడు.

మల్లయ్య నోరు విప్పితే? "నాగమ్మ దగ్గరుంది" అన్నాడంటే గార్దులు ఈపాటికి బయల్దేరే ఉంటారు. రోడ్డు మీద ఏ చప్పుడు విన్నా వాళ్ళే అనిపించింది. పొయ్యిలో ఇంకా నిప్పు ఉంది. ఈ కాగితం నిప్పులో వేస్తే తన దగ్గర ఏమీ లేనట్టే. ఎవరొచ్చి వెతికినా దొరకదు. మల్లయ్య జైలుకి పోతే వారమో, రెండు వారాలో, వస్తాడు. కొత్త టిక్కెట్టుకి డబ్బు తనే ఇస్తుంది. వడ్డీ లేకుండా ఇస్తుంది.

పొయ్యి దాకా వెళ్ళింది. దాచకుండా చెప్పేది ఈ సంగతి. "వంగేనే పిల్లా. వేడి తగిలింది చేతికి" అనేది. అత్త అలాంటిది కాదు అని అందరికీ చెప్పాలనిపిస్తుంది. కానీ వంగింది.

అప్పుడే బాలమ్మ మూలుగు వినబడింది. నాలుగిళ్ళ అవతల నుంచి వినబడిందా అని నేను వాదించేదాన్ని. వినబడిందనే చెప్పేది అత్త. చలి తెరలు తెరలుగా వచ్చే వేళ, పళ్ళు కటకటలాడే వేళ, బాలమ్మ గట్టిగానే అరిచి ఉంటుంది. అత్త టిక్కెట్టు గుప్పిట్లో పెట్టుకుని బయటకి పరిగెత్తింది. మల్లయ్య వాకిట్లో ఆగింది. ఆ రోజు కూడా గుమ్మం దాటలేదు, కాళ్ళు అలవాటుగా ఆగిపోయాయి.

లోపల బాలమ్మ రెండు గోనెసంచుల కింద ముడుచుకుని ఉంది. మొహం కనబడటం లేదు, సంచులు వణకడం మాత్రం కనబడుతోంది.

"మందు తెచ్చేవా?" అంది, మొగుడనుకుని.

"నేనే బాలమ్మా."

"ఆయన రాలేదేటక్కా? చచ్చిపోతున్నాను. దేవుడా, ఏటి చేసేను నేను? దేవుడా..."

బాలమ్మ పిలిచిన దేవుడు వెంకటేశ్వరుడు. అత్తకి ఆ తేడా కనబడలేదు. ఆమె చెవిన పడింది మొర ఒక్కటే. పేదవాడు మొరపెడతాడు, దేవుడు వింటాడు. ఇదిగో, ఇప్పుడే, ఈ నిమిషంలోనే వింటున్నాడు. ఎవరి మీద ఈ ఫిర్యాదు అని చూస్తున్నాడు. మల్లయ్య టిక్కెట్టు తన గుప్పిట్లో ఉంది. తుఫానులో మామయ్య మీద దూలం పడ్డప్పుడు కూడా అత్తకి అంత భయం వేయలేదట. గార్దు జైల్లో పెడతాడు, అంతేగా. అది తెలిసిన శిక్ష.

"తెస్తాడు. నేను పోయి తీసుకొస్తాను" అని, వాకిట్లో ఉన్న మట్టిముంతతో నీళ్ళు గుమ్మం లోపలికి జరిపి, టిక్కెట్టు రవికలో దోపుకుని పెద్ద రోడ్డు వైపు నడిచింది.

నడిచింది అంటున్నాను గాని సగం పరుగే. రెండు పక్కలా కోతకొచ్చిన చెరకు, మనిషి నిలబడితే కనబడనంత ఎత్తు. ఎదురుగా ఒక గార్దు గుర్రం మీద వస్తున్నాడు. అత్త ఆలోచించకుండా చెరకులోకి దూరింది. ఆకులు చేతుల్నీ మొహాన్నీ కోశాయి. గుర్రం డెక్కలు దగ్గరికి వచ్చాయి, తనకి తిన్నగా ఎదురుగా ఆగాయి. గార్దు ఏదో పాట కూనిరాగం తీస్తూ చుట్ట ముట్టించుకున్నాడు. చుట్ట వాసన చెరకులోకి వచ్చింది. ఆ చుట్ట అంటుకోవడానికి పట్టినంతసేపూ అత్త రవిక మీద చెయ్యి అదిమి పెట్టుకుని నిలబడింది. లోపలున్న కాగితం చప్పుడు చేస్తుందేమోనని భయం. గుర్రం కదిలి వెళ్ళిపోయాక కూడా వెంటనే బయటకి రాలేకపోయింది. వెనక్కి పోదామని గట్టిగా అనిపించింది ఆ చెరకులోనే. అంతలో ఎక్కడో దూరంగా రైలు కూత వినబడింది. సాయంత్రం రైలుకి ఇంకా పొద్దుందని తెలిసినా ఆగలేక, మళ్ళీ పరిగెత్తింది.

ఠాణాలో ఒక పెద్ద గార్దు ఉన్నాడు, పియర్ అని దీవిలోనే పుట్టిన క్రియోలు మనిషి, లావుపాటి మీసాలు. వెనక ఇనుప ఊచల గదిలో మల్లయ్య నేల మీద కూర్చుని ఉన్నాడు. అత్తని చూడగానే లేచి ఊచలు పట్టుకున్నాడు.

"అక్కా, ఎందుకొచ్చేవు? రోడ్డు మీద దొరికిందని చెప్పీ! నిజం చెప్పకు, నిన్ను కూడా వేసీస్తారు!"

పియర్‌కి తెలుగు రాదు. "ఏమంటున్నాడు వీడు?" అని దీవి భాష క్రియోలులో అడిగాడు.

అబద్ధం నోటి ముందుకి తెచ్చి పెట్టాడు మల్లయ్య. అందుకుంటే చాలు. అత్తకి అందుకోవడం రాలేదు. మా అత్త ధైర్యవంతురాలు గనక నిజం చెప్పిందని చర్చిలో వాళ్ళు తర్వాత చెప్పుకున్నారు. అదేం కాదు. భయం ఎక్కువైనవాళ్ళకి కథ అల్లడానికి బుర్ర పనిచేయదు, ఉన్నది ఉన్నట్టు ఊడి పడుతుంది. టిక్కెట్టు బల్ల మీద పెట్టి, వచ్చీరాని క్రియోలులో, అయ్యా అనడానికి మిస్యే అంటూ, మొదటి నుంచీ చెప్పేసింది. పన్నెండు రూపాయలు, బాలమ్మ జ్వరం, పొద్దుగూకే లోపు, పొద్దున మళ్ళీ, దుప్పటి, మోషే.

"మోషే ఎవరు? ఏ ఎస్టేటు?" అన్నాడు పియర్.

"ఎస్టేటు కాదు మిస్యే. వేదంలో మోషే."

పియర్ ఆమెని కిందా మీదా చూశాడు. ఆయన మెడలో సిలువ ఉంది. టిక్కెట్టు తిప్పి తిప్పి చూశాడు, ఊచల వెనక మొహంతో పోల్చుకున్నాడు.

"ఇంకొకడి టిక్కెట్టు దగ్గర పెట్టుకుంటే జైలని తెలుసా?"

"తెలుసు మిస్యే."

"తెలిసే ఎందుకు తెచ్చావు? ఇంట్లో కూర్చుంటే ఎవరు చూసేవారు?"

"వీడి పెళ్ళాం ఏడుస్తోంది మిస్యే. అది పైన వినబడిపోతోంది" అని అత్త పైకి చూపించింది. పియర్ కూడా తలెత్తి పైకప్పు వైపు చూశాడట. ఇది జగ్గయ్య వాటా కాదు, మల్లయ్యే చెప్పాడు.

పియర్ అత్త పేరు, ఊరు రాసుకున్నాడు. మేజిస్ట్రేటు దగ్గర్నుంచి పిలుపు వస్తుంది, వచ్చినప్పుడు హాజరు కావాలి, ఎక్కడికీ పోకూడదు అన్నాడు. టిక్కెట్టు దొరికింది గనక మల్లయ్యని వదిలాడు. ఆ పిలుపు ఎన్నడూ రాలేదు. మరిచిపోయాడో, కావాలనే మరిచిపోయాడో తెలియదు. అత్త మాత్రం పోయేదాకా దాని కోసం ఎదురుచూసింది. నా చిన్నప్పుడు ఎవరైనా టోపీ పెట్టుకుని మా వీధిలోకి వస్తే, ముందు చీర సర్దుకుని, "పిల్లా, ఆవులకి నువ్వు నీళ్ళు పెట్టు, నేను పోవాలేమో" అనేది.

ఠాణా నుంచి తిన్నగా ఆసుపత్రికి వెళ్ళారు. క్వినైను పొట్లాలు ఇచ్చారు. బాలమ్మ బతికింది. నా పెళ్ళిలో పాట కూడా పాడింది, శ్రుతి లేకుండా.

ఇక తిరుగుదారి. పొద్దు ఇంకా చాలా ఉంది. అత్త ముందు నడుస్తోంది, మల్లయ్య వెనక. అత్తకి ఆ రోజు మొదటిసారి గుండె కాస్త కుదుటపడింది. జైలు తప్పింది, మందు దొరికింది, మల్లయ్య రోడ్డు మీద ఉన్నాడు. కాసేపటికి చూసుకుంటే మల్లయ్య మరీ వెనకపడ్డాడు. కలుస్తాడని ఆగింది. మల్లయ్య కూడా అక్కడే ఆగిపోయాడు. కోపంగా ఉన్నాడేమో, ఉండాల్సిందే, తిట్టనీ అనుకుని అత్తే వెనక్కి నడిచింది.

మల్లయ్య మొలలోంచి టిక్కెట్టు తీశాడు. రెండు చేతులతో పట్టుకుని ముందుకు చాపాడు.

"తీసుకో అక్కా."

"నాకెందుకురా?"

"సొమ్ము తీరలేదు కదా. పగలు నీ దగ్గర ఉండాలి కదా."

అత్త చేతులు వెనక్కి పెట్టుకుంది. "ఇవాళ ఇంత జరిగేక కూడానా? అసలు పొద్దున ఇది అడిగి పట్టుకుపోవాల్సింది కదరా. లోపిటాల్‌కి పోవాలి అక్కా, ఇవాళ్టికి ఇయ్యి అంటే ఇవ్వనా?"

మల్లయ్య నేల చూస్తూ చెప్పాడు. "ఇచ్చీసేక మళ్ళీ వచ్చేను అక్కా. నువ్వు పాలు పితుకుతున్నావు. కంచె దగ్గర నిలబడ్డాను. నోరు రాలేదు."

"ఎందుకు రాలేదు?"

"అడిగితే నీకు కోపం వచ్చి, తాకట్టు లేదు గనక సొమ్ము ఇప్పుడే కక్కీ అంటేనో? గార్దు పట్టుకుంటే పట్టుకుంటాడు, లేకపోతే లేదు. పట్టుకున్నా నాలుగు రోజులు కొట్టి వదిలీస్తాడు." గొంతు తగ్గించాడు. "గార్దు కన్నా నువ్వంటేనే భయమేసింది అక్కా."

అత్త రోడ్డు మధ్యలో నిలబడిపోయింది. సముద్రానికి భయపడింది, సర్దారుకి భయపడింది, గాలికి, గార్దుకి, దేవుడికి భయపడింది. తనని చూసి ఒక మనిషి తన కంచె దగ్గర నోరు పెగలక నిలబడతాడని ఆమెకి కలలో కూడా తోచలేదు. వడ్డీ లేదు, గుమ్మం దాటలేదు, పొద్దుగూకనివ్వలేదు. అయినా నిలబడ్డాడు. ఆ రోజు పడ్డ భయాలన్నిటిలోకీ అదే పెద్దదని చెప్పేది.

"పన్నెండు రూపాయలు వదిలీసేను, పో. నువ్వు నాకేమీ బాకీ లేవు" అంది.

సంతోషిస్తాడనుకుంది. మల్లయ్య మొహం తెల్లబోయింది.

"అంత కోపం వచ్చిందా అక్కా? అలాగనకు. రేపు బాలమ్మకి మళ్ళీ జ్వరం వస్తే నాకింక ఎవరిస్తారు?"

అత్త టిక్కెట్టు అతని చేతుల్లోంచి తీసుకుని, అతని పంచె మొలలో తనే దోపింది.

"సరే, తీర్చు. వీలైనప్పుడు తీర్చు. ఇది మాత్రం ఇంకెప్పుడూ నాకు చూపించకు. మళ్ళీ అవసరమైతే రా. కోపం లేదు. రా, నా పక్కన నడు."

మల్లయ్య తలూపి పక్కకి వచ్చాడు. నడవడం మొదలుపెట్టారు. కాస్త దూరం పోయేసరికి అతను ఒక అడుగు వెనకపడ్డాడు. అత్త నడక తగ్గించింది. అతనూ తగ్గించాడు. ఆమె ఆగింది, అతనూ ఆగాడు. లాల్మతీ దాకా ఎంత ప్రయత్నించినా ఆ ఒక్క అడుగు దూరం తగ్గలేదు.